ప్లుటోనియం-238 ముందు ఎవరికి, నాసాకా మిలిటరీకా? మన దగ్గర ఎందుకు లేదు?

నాచారం_ఇన్వర్టర్:

అందరికీ నమస్తే. నేను సైన్సోడిని కాదు, నాచారంల ఇన్వర్టర్లు బ్యాటరీల షాపు నాది, తప్పు రాస్తే ఏమనుకోకుండ్రి. మా పాప తొమ్మిదో తరగతి, స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది. మొన్న అన్నం తింటుంటే "డాడీ, మన చంద్రయాన్ ల్యాండర్ రాత్రి చలికి పడుకుంది, మళ్లీ లేవలేదు కదా, మరి అమెరికా వాళ్ల రోవర్ మార్స్ మీద 2012 నించి ఎట్ల తిరుగుతుంది" అని అడిగింది. పెద్ద బ్యాటరీ ఉంటదిలే అన్న. "నువ్వు బ్యాటరీలే అమ్ముతవ్, నీకే తెల్వదా" అన్నది, వాళ్ల అమ్మ ముంగట.

ఇగ పరువు పోయిందని రాత్రంతా కూసొని చదివిన. ఆ రోవర్ పేరు క్యూరియాసిటీ, అండ్ల 4.8 కిలోల ప్లుటోనియం ఇంధనం ఉన్నదంట, దాని వేడితోని కరెంటు తీస్తరంట, కొత్తగ ఉన్నప్పుడు వచ్చేది 110 వాట్లు. నూటపది! మా షాపుల పాత సీలింగ్ ఫ్యాను ఒకటి ట్యూబ్‌లైటు ఒకటి వేస్తే ఖతం అయ్యే లోడు అది. దీనికోసం గింత గొడవా అనిపించింది.

గొడవ ఏందంటే, ఆ ప్లుటోనియం అమెరికాలనే సరిపోను లేదంట, ఉన్నదాంట్ల కొంత మిలిటరీకని పక్కన పెట్టిండ్రంట, నాసాకు ఇచ్చేది వేరే ఖాతా అంట. నాకు సమజ్ కానిది ఇదే. బాంబుల కోసం టన్నులకు టన్నులు ప్లుటోనియం చేసిన దేశంల కిలోల లెక్కన కొరత ఎట్ల వస్తది, ఎవరికి ఎంత అని ఎవరు తేలుస్తరు, మిలిటరోళ్లకు ఇది ఎందుకు, ఇంకొకటి మన ఈసీఐఎల్ దగ్గర ఎన్ఎఫ్‌సీ ఉన్నది కదా, అణు ఇంధనం చేసే గంత పెద్ద ఫ్యాక్టరీ, మరి ఇస్రోకు నాలుగు కిలోలు చేసిస్తే మన ల్యాండర్ పడుకునేది కాదు కదా? తెలిసినోళ్లు జర అరటిపండు ఒలిచినట్టు చెప్పుండ్రి, రేపు పాపకు చెప్పాలె.


పాతబ్యాచ్_ఫిజిక్స్:

మంచి ప్రశ్న అడిగారండీ. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఇంత సూటిగా పిల్లలు కూడా అడగలేదు.

ముందు ఆ టన్నుల సంగతి చూద్దాం. ప్లుటోనియం అంతా ఒకటి కాదు. బాంబులో వాడేది 239, రోవర్లో వాడేది 238. ఒక్క న్యూట్రాన్ తేడా, కానీ గుణం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత. 239 సగం అవడానికి 24,100 ఏళ్లు, 238కి 87.7 ఏళ్లు. అంటే 238 తొందర తొందరగా విచ్ఛిన్నం అవుతూ ఉంటుంది, ఆ తొందరే వేడి. గ్రాముకి అర వాటు పైన వేడి ఇస్తుంది, ఏ బటన్ నొక్కక్కర్లేదు, ఆపుదామన్నా ఆగదు. 239 ఇచ్చే వేడి దాంట్లో దాదాపు మూడు వందల వంతు. పోనీ బాంబు ప్లుటోనియంలో కొద్దిగా ఉన్న 238ని వేరుచేద్దామా అంటే రెండూ రసాయనికంగా ఒకే మూలకం, యాసిడ్లో వేసినా దేంట్లో వేసినా ఒకేలా ప్రవర్తిస్తాయి, పాలల్లో కలిసిన నీళ్లు ఏరినట్టే.

మీ 110 వాట్ల సంగతి. ఆ 4.8 కిలోల ఇంధనం ఇచ్చే వేడి దాదాపు 2000 వాట్లు, అంటే మీ ఇంట్లో బాత్రూం గీజర్ అనుకోండి. ఒక వైపు ఈ గీజర్, ఇంకో వైపు మార్స్ చలి, మధ్యలో థర్మోకపుల్స్, అంటే వేడి చలి తేడా నుంచి కరెంటు తీసే లోహపు జతలు. తిరిగే పార్టు ఒక్కటీ లేదు. ఎఫిషియెన్సీ ఐదారు శాతం, మీ కస్టమర్ అయితే తిట్టి వాపస్ ఇచ్చేస్తాడు. కానీ డిస్టిల్డ్ వాటర్ పొయ్యక్కర్లేదు, ఎండ రాకపోయినా దుమ్ము పడ్డా పద్నాలుగేళ్లు నడిచే ఇన్వర్టర్ మీ షాపులో ఉందా చెప్పండి. పైగా కరెంటుగా మారని ఆ మిగతా వేడి కూడా దండగ పోదు, గొట్టాల్లో ద్రవం తిప్పి రోవర్ పొట్టని వెచ్చగా ఉంచడానికి వాడతారు. మన చంద్రయాన్ ల్యాండర్ విక్రమ్‌కి లేనిది అదే.

సోలార్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో, పెట్టారు కూడా. 2011లో గురుగ్రహానికి పంపిన జూనో నౌకకి మూడు రెక్కల్లా పెద్ద ప్యానెళ్లు ఉన్నాయి, భూమి దగ్గర 14 కిలోవాట్లు ఇవ్వగలిగినవి గురుగ్రహం దగ్గరికి పోయేసరికి 500 వాట్ల దగ్గరికి దిగిపోతాయి. అక్కడ ఎండ మన ఎండలో పాతికో వంతే.

ఇప్పుడు కొరత. 238 తవ్వితే దొరికేది కాదు, వండుకోవాలి. రియాక్టర్ ఇంధనంలో నెప్ట్యూనియం-237 అని ఒక ఉపపదార్థం మిగులుతుంది, దాన్ని వేరుచేసి, గుళికలు చేసి, మళ్లీ రియాక్టర్లో న్యూట్రాన్లకి ఎరగా పెట్టాలి, అది 238 అవుతుంది, మళ్లీ కరిగించి మళ్లీ వేరుచెయ్యాలి. అమెరికాలో ఈ వంట దక్షిణ కరొలైనాలోని సవానా రివర్ అనే చోట జరిగేది. ఆ రియాక్టర్లు అసలు కట్టిందే బాంబు సరుకు కోసం, ట్రిటియం, 239. మన 238 అక్కడ పక్క పొయ్యి మీద చారు లాంటిది. 1988లో ఆ రియాక్టర్లు భద్రత గొడవలతో మూతపడ్డాయి, కోల్డ్ వార్ కూడా అయిపోతోంది, పెద్ద పొయ్యి ఆరిపోతే చారు కూడా పోయింది. నాసాకి అంతరిక్షంలో బాగా పనికొచ్చిన సరుకు బాంబు కార్ఖానా దయ మీద బతికిందన్నమాట, ఇది చాలామందికి తెలీదు.

తర్వాత 1992లో రష్యా దగ్గర కొనుక్కోవడం మొదలెట్టారు. మీరు అడిగిన రెండు ఖాతాల సంగతి ఇక్కడే పుట్టింది. రష్యా పెట్టిన షరతు ఏంటంటే మేమిచ్చేది అంతరిక్ష పరిశోధనకే, మిలిటరీకి వాడకూడదు. న్యాయమే కదా, ఎదుటివాడి సరుకుతో ఎదుటివాడి మీదే నిఘా పెడితే ఎవరు ఊరుకుంటారు. దాంతో ఎనర్జీ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏం చేశారంటే రష్యా సరుకు నాసాకి, ఇంట్లో వండిన పాత సరుకు జాతీయ భద్రతకి అని రెండు డబ్బాలు చేశారు. 2009లో రష్యా పాత ఒప్పందం మీద ఇవ్వం, కొత్తగా మాట్లాడుకుందాం అంది. నాసా డబ్బా అడుగు కనబడింది, పక్క డబ్బా ముట్టుకోవడానికి లేదు.


ఈసీఐఎల్_ఎక్స్‌రోడ్స్:

లెక్చరర్ సార్ మంచిగ చెప్పిండు. ఇన్వర్టర్ అన్నా, ఎన్ఎఫ్‌సీ మాట నేను చెప్త. మా బాపు అండ్లనే చేసి రిటైర్ అయిండు. చిన్నప్పుడు నాయినా నువ్వు ఫ్యాక్టరీల ఏం చేస్తవ్ అంటే "గొట్టాలు" అనేటోడు, ఇగ అంతే, ఆ ఒక్క మాట దాటి ఇంకో మాట రాకపోయేది. యూనిఫాం తోని పోతడు యూనిఫాం తోని వస్తడు, టిఫిన్ డబ్బా ఖాళీగ వస్తది, గంతే మాకు తెలిసిన అణుశక్తి. పెద్దగైనంక చదివితే తెలిసింది, నిజంగనే గొట్టాలే! జిర్కోనియం మిశ్రమం తోని సన్నటి గొట్టాలు చేస్తరు, యురేనియం పొడిని గుళికలు చేసి అండ్ల నింపి మూతులు వెల్డింగ్ చేస్తరు, అసొంటివి కొన్ని కలిపితే ఒక బండిల్. 1971ల పెట్టిండ్రు ఈ ఫ్యాక్టరీ. దేశంల ఉన్న హెవీ వాటర్ రియాక్టర్లకు ఇక్కడి నించే పోతయి.

కాని అన్నా, ఇక్కడికి వచ్చేది తాజా యురేనియం. రియాక్టర్ల కాలినంక బయటికొచ్చేది తారాపూర్, కల్పాక్కం దిక్కు పోతది, మౌలాలి దిక్కు రాదు. నెప్ట్యూనియం గాని ప్లుటోనియం గాని ఆ కాలినదాంట్లనే ఉంటయి. కాబట్టి మీ నాచారం నించి ఆటో ఎక్కి వచ్చి నాలుగు కిలోలు కట్టియ్యి అంటే ఇచ్చేది కాదు, హహ.

ఇగ అసలు ముచ్చట. సార్ చెప్పిన రెండు డబ్బాల కథ మన దగ్గర కూడ ఉన్నది, గదీ ఇదే ఎన్ఎఫ్‌సీల. ప్లుటోనియం కాదు, యురేనియం. 2007, 2008ల మన దేశంల యురేనియం కటకట ఎంత ఉండెనంటే రియాక్టర్లు సగం కెపాసిటీ చుట్టుపక్కలనే నడిచినయి. మిషన్లు మంచిగనే ఉన్నయి, వేసేటందుకు మేత లేదు. 1974 పోఖ్రాన్ తర్వాత బయట దేశాలోళ్లు ఇయ్యరైరి. 2008 సెప్టెంబరుల ఎన్ఎస్‌జీ అని ఆ సరఫరా దేశాల గుంపు మనకు మినహాయింపు ఇచ్చింది, ఫ్రాన్సు, రష్యా, కజకిస్తాన్ నించి సరుకు దిగింది. కాని షరతు, మీ సివిల్ రియాక్టర్లు ఏవో చెప్పుండ్రి, ఇది వాటిల్నే వేయాలె, ఐఏఈఏ అని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇన్‌స్పెక్టర్లు వచ్చి లెక్కలు చూస్తరు. మనోళ్లు 22 రియాక్టర్లల 14 సివిల్ అని రాసిచ్చిండ్రు. రావత్‌భాటా, నరోరా, కాక్రాపార్ అటు దిక్కు. కైగా, కల్పాక్కం రియాక్టర్లు, తారాపూర్ కొత్తవి రెండు ఇటు దిక్కు, తనిఖీ లేదు. ఎన్ఎఫ్‌సీల గూడ కొన్ని ప్లాంట్లే తనిఖీ లిస్టుల ఉన్నయి, మొత్తం ఫ్యాక్టరీ కాదు. ఒకే గేటు, లోపట రెండు వంటిండ్లు, మడి కట్టుకున్నదొకటి కట్టుకోనిదొకటి.


కడపోడు_కూకట్‌పల్లిలో:

బో చెప్పినావన్నా గానీ అసలు కిటుకు నువ్వు చెప్పలేదు, నేను చెప్తా చూడు. మాది పులివెందుల దగ్గర పల్లె, తుమ్మలపల్లె గని మాకు కూతవేటు దూరం. మా ఊరి యురేనియం నాసిరకం, ఖనిజంలో అసలు సరుకు వెయ్యి కిలోలకు అర కిలో కూడా ఉండదు, మిగిలిందంతా బురద కింద చెరువులో పోస్తారు. కెనడాలో యురేనియం మాదాని కంటే ఎన్నో రెట్లు చిక్కన. మరి చిక్కనిది, చౌకది బయట దొరకతా ఉంటే ఈ పలచటిదాన్ని కష్టపడి తవ్వేది ఎందుకు? ఎందుకంటే బయట సరుకుకి తోక ఉండాది, మా ఊరి సరుకుకి తోక లేదు. తోక లేని సరుకు యాడికైనా పోవచ్చు. కైగాకి పోవచ్చు, ఇంకో దానికీ పోవచ్చు, అడిగే నాథుడు లేడు.

ఇప్పుడు లెక్క చూడండి. బయట సరుకు రాకముందు మనకున్న పిడికెడు యురేనియం కరెంటుకీ వెయ్యాల, మిలిటరీకీ వెయ్యాల. బయట సరుకు వచ్చినాక కరెంటు కుండ దాంతో నిండింది, ఇంటి సరుకు మీద ఒత్తిడి తగ్గింది. అంటే "సివిల్‌కే వాడాల" అని షరతు పెట్టి ఇచ్చిన సరుకు కూడా అవతల చేతికి ఊపిరి పోసింది. 2005 నుంచి 2008 దాకా అమెరికాతో మన అణు ఒప్పందాన్ని తిట్టినోళ్లు బయట దేశాల్లో ఇదే మాట మొత్తుకున్నారు. అద్దె ఇంటి కోసం అని మామ దగ్గర డబ్బు తీసుకొని, జీతం డబ్బుతో బుల్లెట్ బండి కొన్నట్టు. మామ డబ్బు అద్దెకే పోయింది, అబద్ధం లేదు.

అమెరికా వాళ్ల ప్లుటోనియం కూడా ఇంతే కదా సార్? రష్యా వాడు అంతరిక్షానికి అని ఇచ్చినాడు, దాంతో వీళ్లు ఇంటి సరుకు నాసాకి ఇవ్వాల్సిన పని లేక మొత్తం మిలిటరీకి దాచుకున్నారు. షరతు పెట్టినోడే సాయం చేసినట్టు అయింది. నాకైతే పెద్ద తేడా కనపడలా. మిలిటరీ వాడు ముందు తినేస్తాడు, మిగిలింది సైన్సుకి, ఏ దేశంలోనైనా అంతే.


పాతబ్యాచ్_ఫిజిక్స్:

కడప బాబూ, మామ డబ్బు ఉపమానం క్లాసులో వాడుకుంటా, ఏమనుకోకు. చాలా వరకు ఒప్పుకుంటా కానీ చివరి మాట దగ్గర ఆగుదాం, "మిలిటరీ ముందు తినేస్తాడు" అన్నది సగమే నిజం.

మొదలైతే మిలిటరీతోనే. అంతరిక్షంలోకి వెళ్లిన మొట్టమొదటి ప్లుటోనియం జనరేటర్ డబ్బా 1961 జూన్‌లో, ట్రాన్సిట్ 4ఎ, అమెరికా నేవీ వాళ్ల దారి చూపే ఉపగ్రహం, రెండున్నర వాట్ల పైచిలుకు కరెంటు ఇచ్చేది. 1964లో అదే కుటుంబంలో ఒక ఉపగ్రహం కక్ష్యకి చేరకుండా వాతావరణంలో కాలిపోయింది, దాదాపు కిలో ప్లుటోనియం ఆకాశంలోనే ధూళి అయి ప్రపంచమంతా పరుచుకుంది. అప్పటి దాకా "పడిపోతే కాలిపోవాలి" అని డిజైన్, ఆ తర్వాత "పడినా చెక్కు చెదరకూడదు" అని మార్చారు. ఇప్పుడు పొడి లోహం కాదు, సిరామిక్ గుళిక, పైన ఇరిడియం తొడుగు, దాని పైన కార్బన్ చిప్పలు. 1968లో ఒక వాతావరణ ఉపగ్రహం రాకెట్ పేలి సముద్రంలో పడితే ఆ డబ్బా వెతికి తీసి, ఇంధనం మళ్లీ వాడుకున్నారు కూడా. పడేసుకునేంత సరుకు కాదు మరి. 1976లో ఎయిర్ ఫోర్స్ రెండు కమ్యూనికేషన్ ఉపగ్రహాలకి వాడింది. ఆ తర్వాత భూమి చుట్టూ తిరిగే మిలిటరీ ఉపగ్రహాలకి సోలార్ చాలు, అక్కడ ఎండ పుష్కలం. 2005లో ఐడహోలో ఏటా 5 కిలోల చొప్పున 30 ఏళ్లు తయారుచేద్దాం అని ఎనర్జీ వాళ్లు ప్లాన్ పెట్టినప్పుడు ముఖ్య కారణం జాతీయ భద్రత అనే చెప్పారు, దేనికి అంటే మాత్రం నోరు విప్పలేదు.

ఆ ప్లాన్ నడవలేదు. ఇక్కడే నాకు నవ్వొచ్చే భాగం. తర్వాత మిలిటరీ అవసరం ఆవిరైపోయి నాసా ఒక్కటే గట్టిగా అడుగుతూ మిగిలాక, "అయితే డబ్బు ఎవరిస్తారు" అని గొడవ. ఇద్దరం చెరి సగం అని నాసా, ఎనర్జీ డిపార్ట్‌మెంట్ వెళ్లి అడిగితే అమెరికా పార్లమెంటు నాసా వాటా ఇచ్చి రెండో వాటా కొట్టేసింది. కొన్నేళ్లు అలా నలిగి చివరికి మొత్తం ఖర్చు నాసా నెత్తిన పడింది. సరుకు మీద పెత్తనం మాత్రం ఎనర్జీ వాళ్లదే, చట్టం ప్రకారం తయారీ, దాచడం, డబ్బాలో నింపడం అంతా వాళ్లు. నాసా కస్టమర్, ఇంటి యజమాని కాదు, అయినా ఇంటి పన్ను నాసాదే.

2013 నాటికి లెక్క తేల్చి సుమారు 35 కిలోలు అంతరిక్షానికి అని కేటాయించారు. అందులో సగమే నేరుగా వాడే నాణ్యతలో ఉంది. ఎందుకంటే ఇది ఊరికే డబ్బాలో పెట్టినా ఏడాదికి 0.8 శాతం తరుగుతుంది, పెళ్లి భోజనాల దగ్గర గోనెసంచి కప్పిన ఐసుగడ్డ లాగ. పాత సరుకుని తాజా సరుకుతో కలిపి మళ్లీ పనికొచ్చేలా చేస్తారు, మజ్జిగలో కాస్త చిక్కటి పెరుగు వేసినట్టు. అందుకే కొత్తది కొంచెమే అయినా విలువ ఎక్కువ. 2015 డిసెంబరులో టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్లు దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత మొదటిసారి తయారుచేసి చూపించింది ఎంతో తెలుసా, 50 గ్రాములు. 2023లో ఒకేసారి అర కిలో పంపితే అదే వార్త. లక్ష్యం ఏడాదికి కిలోన్నర.

ఇప్పుడు పోటీ సరుకు దగ్గర కాదు, పొయ్యి దగ్గర. నెప్ట్యూనియం గుళికలు పెట్టడానికి ఉన్న రియాక్టర్లు ముఖ్యంగా రెండు. ఓక్ రిడ్జ్‌లోది న్యూట్రాన్ పరిశోధనకీ కాలిఫోర్నియం లాంటి ఐసోటోపులకీ కూడా కావాలి. ఐడహోలో ఉన్న అడ్వాన్స్‌డ్ టెస్ట్ రియాక్టర్‌కి పెద్ద కస్టమర్ అమెరికా నేవీ, జలాంతర్గాముల ఇంధనం పరీక్షించుకోవడానికి. అంటే రోవర్ ప్లుటోనియం వాళ్ల మధ్యలో ఖాళీ దొరికిన చోట కూర్చోవాలి. కడప బాబు చెప్పింది ఈ రూపంలో నిజమే.


కొండలపిచ్చి:

మిలిటరోళ్లకు ఇది ఎందుకు అని అడిగారు కదా, ఒక జవాబు మన హిమాలయాల్లో పాతిపెట్టి ఉంది. నేను ప్రతి వేసవికి సికింద్రాబాద్‌లో రైలెక్కి ఉత్తరాఖండ్ పోయే బ్యాచ్, జోషీమఠ్‌లో టీ బంకుల దగ్గర ఈ కథ వినకుండా ఎవడూ తిరిగి రాడు.

1964లో చైనా లోప్ నూర్‌లో అణుపరీక్ష చేసింది. అప్పటికి నిఘా ఉపగ్రహాలు ఇప్పట్లా లేవు. సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి నందాదేవి మీద ఒక యంత్రం పెడదాం, అటు వైపు క్షిపణుల సిగ్నళ్లు వింటుంది అనుకున్నాయి. మరి అంత ఎత్తున కరెంటు ఎక్కడిది? ఇదే 238 జనరేటర్. 1965 అక్టోబరులో కెప్టెన్ ఎం.ఎస్.కోహ్లీ బృందం మోసుకెళ్లింది. షెర్పాలు ఆ జనరేటర్ నేను మోస్తా అంటే నేను మోస్తా అని పోటీ పడ్డారని ఆయనే చెప్పారు, ఎందుకంటే వీపుకి వెచ్చగా ఉంటుంది! వాళ్లకి అందులో ఏముందో ఎవరు చెప్పారు చెప్పండి. దానికి గురు రింపోచే అని పేరు కూడా పెట్టుకున్నారట. పైన మంచు తుఫాను పట్టుకుంది, శిఖరం దాకా పోలేక సామాను అక్కడే కట్టేసి దిగివచ్చేశారు. మరుసటి ఏడాది వేసవికి వెళ్తే ఆ చోటే లేదు, మంచు పెళ్లలు ఊడ్చుకుపోయాయి. ఇప్పటికీ దొరకలేదు. 1967లో పక్కనున్న నందాకోట్ మీద ఇంకొకటి పెట్టారు, అది మాత్రం తర్వాత తెచ్చేశారు. 1978లో అమెరికన్ పత్రికలో బయటపడితే మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ నీళ్లు గంగలోకే కదా వచ్చేది.

అంటే ఇన్వర్టర్ గారూ, మిలిటరీకి కావాల్సింది పెద్ద పవర్ కాదు. మనిషి వెళ్లలేని, వెళ్తే దొరికిపోయే చోట ఏళ్ల తరబడి ముట్టుకోకుండా నడిచే చిన్న పవర్. సరిగ్గా నాసాకి కావాల్సింది కూడా అదే. అందుకే ఇద్దరి చెయ్యీ ఒకే డబ్బాలో పడింది.


నాచారం_ఇన్వర్టర్:

అందరికీ చేతులెత్తి దండం. షాపుల కస్టమర్ నిలబడ్డా చూడకుంట చదివిన. షెర్పాల ముచ్చట పాపకు చెప్తే నోరు తెరిచింది.

ఒక్కటి మిగిలింది. ఇస్రో సంగతి ఎవ్వరు చెప్పలే.


పాతబ్యాచ్_ఫిజిక్స్:

అవును, మర్చిపోయాం. మనవాళ్లు అస్సలు వాడలేదు అనుకోకండి. చంద్రయాన్-3లో ల్యాండర్ని చంద్రుడి దాకా మోసుకెళ్లిన ప్రొపల్షన్ మాడ్యూల్లో బార్క్, అంటే ముంబై అణు పరిశోధన కేంద్రం ఇచ్చిన రెండు చిన్న హీటర్లు పెట్టారు, ఒక్కోటి ఒక్క వాటు. కరెంటు కాదు, ఉత్త వేడి. ప్రయోగం కోసం. విక్రమ్‌లో, దాని రోవర్ ప్రజ్ఞాన్‌లో ఆ హీటర్లు లేవు, ఆ రెండూ మొదటి నుంచీ ఒక చంద్ర పగటి కోసం, అంటే మన 14 రోజుల కోసం చేసినవి. 2023 సెప్టెంబరు మొదటి వారంలో పడుకోబెట్టారు, 22 తర్వాత లేపడానికి ప్రయత్నించారు, లేస్తే బోనస్ అనే అనుకున్నారు. మైనస్ రెండు వందల దగ్గర చలికి బ్యాటరీ, సోల్డరింగ్ తట్టుకోవాలంటే ఆ కొద్ది వేడే ప్రాణం. చైనా వాళ్ల చాంగ్ఎ ల్యాండర్లు అలాంటి వేడితోనే రాత్రులు దాటాయి. అంతకు ముందు 1970లో సోవియట్ చంద్ర రోవర్ లూనోఖోద్ పొలోనియం-210తో దాటింది, అది 138 రోజులకే సగం అయిపోయే సరుకు, ఆర్నెల్ల పెళ్లికి అద్దె షామియానా లాంటిది.

మన చిక్కు ఏంటంటే మన హెవీ వాటర్ రియాక్టర్లు సహజ యురేనియంతో నడుస్తాయి, ఇంధనం ఎక్కువ కాలం కాలదు, అందుకని నెప్ట్యూనియం తక్కువ పుడుతుంది. పుట్టినదాన్ని వేరుచేసే ఖర్చు ఇంకోటి. మన దగ్గర కాలిన ఇంధనాన్ని రీప్రాసెసింగ్ చేస్తే వచ్చే మామూలు ప్లుటోనియానికి కూడా కల్పాక్కంలో దాంతో నడిచే 500 మెగావాట్ల బ్రీడర్ రియాక్టర్ నోరు తెరుచుకుని ఉంది. ఆ బ్రీడర్‌ని కూడా తనిఖీ లిస్టులో పెట్టలేదు, కడప బాబూ, నీ వాదనకి ఇంకో ఆధారం ఇస్తున్నా తీసుకో. యూరప్ వాళ్లు వేరే దారి పట్టారు, అమెరీషియం-241. ఇంగ్లండులో పాత ప్లుటోనియం నిల్వల్లో అది దానంతటదే పుట్టి పేరుకుంది, ఎవరి దగ్గరా అడుక్కోనక్కర్లేదు. గ్రాముకి వేడి 238లో ఐదో వంతే, బరువు ఎక్కువ పడుతుంది, కానీ సగం అవడానికి 432 ఏళ్లు. మనకి కూడా ఏదో ఒకరోజు అదే దారి నయం అని నా అభిప్రాయం, ఇది అభిప్రాయమే, బార్క్ వాళ్లు నన్ను అడగలేదు లెండి.


కడపోడు_కూకట్‌పల్లిలో:

తీసుకుంటి సార్, జేబులో పెట్టుకుంటి. ఇంకోటి, చిన్నప్పుడు ఎక్కడో చదివినా, గుండె పేస్‌మేకర్‌లో కూడా ఈ ప్లుటోనియం పెట్టినారని. నిజమేనా లేక గాలి కబురా?


పాతబ్యాచ్_ఫిజిక్స్:

నిజమే. 1970లో పారిస్‌లో మొదటిది అమర్చారు. లోపల గ్రాములో కొద్ది భాగం మాత్రమే. మనిషి పోయాక కూడా అది ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది, తీసి అప్పగించాలి, దహనం చెయ్యకూడదు. లిథియం బ్యాటరీలు వచ్చాక ఆపేశారు.


నాచారం_ఇన్వర్టర్:

సార్ ఆఖరిది, ఇగ విసిగించ. పాప వోయేజర్ అనే నాసా అంతరిక్ష నౌక లెక్క వేసింది. 1977ల 470 వాట్లు, 87.7 ఏళ్లకు సగం, ఇప్పటికి 48 ఏళ్లు, కాలిక్యులేటర్ల కొడితే 320 వాట్లు ఉండాలె అంటది. కాని చదివితే అంతకంటే చానా తక్కువ ఉన్నదంట, ఒక్కో పరికరం బంద్ పెట్టుకుంట పోతున్నరంట. నా లెక్క తప్పా అని ఏడుపు మొహం పెట్టింది.


పాతబ్యాచ్_ఫిజిక్స్:

లెక్క తప్పు కాదు, శభాష్ అని చెప్పండి. ఆమె వేసింది ప్లుటోనియం లెక్క. పైన థర్మోకపుల్స్ కూడా ముసలివయ్యాయి, దశాబ్దాల వేడికి వాటి పదార్థం క్షీణించి అదే వేడి నుంచి తక్కువ కరెంటు తీస్తాయి. మీ షాపు భాషలో చెప్పాలంటే బ్యాటరీలో చార్జి ఉంది, ప్లేట్లు పోయాయి. చార్టు మీద రెండు గీతలు గీయమనండి, పైది ప్లుటోనియం వేడి, కిందది వచ్చే కరెంటు, రెండిటి మధ్య ఖాళీలో థర్మోకపుల్ అని రాయమనండి. జడ్జి అడిగేది అక్కడే.


నాచారం_ఇన్వర్టర్:

గీసింది సార్. పై గీతకు ఎర్ర స్కెచ్ పెన్ను అయిపోయింది, రాత్రి తొమ్మిదింటికి నన్ను దుకాణం పొమ్మంటున్నది, పోతున్న.